మిలట్రీ తిత్తికి జలుబు

వాళ్ళ బుగ్గలు పొంగడం లేదు. పెళ్ళికొచ్చినవాళ్ళంతా వాళ్ళ గళ్ళ లంగాల వైపు చూస్తుంటే నేను బుగ్గల వైపు చూశాను.

మొన్న అమలాపురంలో పెళ్ళి. పెళ్ళికొడుకుని మండపంలోకి నడిపించుకు రావడానికి ఈవెంటు వాళ్ళు ఒక బృందాన్ని దింపారు. కుర్రాళ్ళందరికీ మోకాళ్ళ దాకా గళ్ళ లంగాలు, తెల్ల మేజోళ్ళు, నెత్తిన ఈకల టోపీలు. సగం మంది మెడల్లో డ్రమ్ములు, మిగతా సగం చంకల్లో తిత్తులు, ఒక్కో తిత్తి మీంచి భుజం మీదికి మూడేసి గొట్టాలు. పాట మండపం అదిరేలా వస్తోంది. నాకు అనుమానం వచ్చింది. నాకు అనుమానం రావడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు, బడి మధ్యలో మానేసినవాడికి ఆ ఒక్క విద్యా బాగా అబ్బుతుంది. మెల్లగా స్పీకరు పెట్టెల వెనక్కి వెళ్ళి చూశాను. అక్కడొక కుర్రాడు కుర్చీలో కూర్చుని, ఫోనులోంచి పాట వదులుతున్నాడు.

వాళ్ళు ఊదట్లేదేం బాబూ అని అడిగితే, ఊదితే ఎవరికి వినపడుద్దండీ ఈ గోలలో అన్నాడు.

నవ్వొచ్చింది. అసలు తిత్తి ఊదితే వాడి పెట్టెలు రెండూ లేచి ఏటిగట్టు దాకా పారిపోతాయి. ఆ సంగతి నాకు తెలుసు. మా ఇంట్లో ఒకటుండేది.

మాది మేళం ఇల్లు. తాత సన్నాయి, నాన్న డోలు. చినతాత శ్రుతి. ఇల్లంతా మైనం వాసన, నానబెట్టిన సన్నాయి పీకల వాసన, పెళ్ళిళ్ళ సీజనులో మూటగట్టి తెచ్చుకున్న బూరెల వాసన, పనసపొట్టు కూరలో ఆవ వాసన. పెళ్ళి పందిట్లో చేసే పనసపొట్టు కూర మర్నాటికి ఇంకా బాగుంటుందని నాకు అప్పటి నుంచే తెలుసు. లెక్కలు మాత్రం అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రావు.

మా ఇంట్లో అందరికీ అనుమానమే, కానీ చినతాత ముందు మిగతావాళ్ళం పసిపిల్లలం. ఆయన తాతకి వరసకి తమ్ముడు. పెళ్ళి లేదు, ఇల్లు లేదు, మా అరుగు మీదే మంచం. నాయనమ్మ మజ్జిగ ఇస్తే గ్లాసు పక్కకి వంచి, నీళ్ళెంత కలిపిందో చూసిగానీ తాగేవాడు కాదు. బస్సులో కండక్టరు టిక్కెట్టు ఇస్తే ఎండకి పట్టి చూసేవాడు. ఎవరైనా బాగున్నారా అని పలకరిస్తే, ఎందుకడుగుతున్నావు అనేవాడు.

అలాంటి ఇంటికి మా బాబాయి మిలట్రీ నుంచి దిగాడు, ఒక ట్రంకు పెట్టె, ఒక చిన్న డ్రమ్ము, గోనెగుడ్డ చుట్టిన పొడుగాటి మూటతో. మూటలోంచి నల్లటి గొట్టాలు బయటికి కనిపిస్తున్నాయి. కాలవ వంతెన దగ్గర బస్సు దిగి ఇంటికి నడిచి వచ్చేలోపే, ఆయన తుపాకులు తెచ్చాడని ఊళ్ళో తెలిసిపోయింది. నాయనమ్మ కొడుకుని కావలించుకుని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, మొదట అన్న మాట, అది మాత్రం గొడ్ల సావిట్లో పెట్టు నాన్నా అని.

బాబాయి మూట విప్పాడు. గళ్ళ గుడ్డ తొడిగిన తోలు తిత్తి. దానికి నోట్లో పెట్టుకునే గొట్టం ఒకటి, వేళ్ళు ఆడించే గొట్టం ఒకటి, భుజానికి ఆనించుకునేవి మూడు. మిలట్రీలో పైపు బ్యాండు అని ఉంటుందని, తాను అందులో ఊదేవాడినని చెప్పాడు. వరసల్లో నడుస్తారట. అందరి ముందూ ఒకడు వెండి పొన్ను కర్ర గాల్లోకి ఎగరేసి పట్టుకుంటాడట. పెద్ద డ్రమ్ము వాయించేవాడు చిరుతపులి తోలు కప్పుకుంటాడట. ఈ వాద్యం స్కాట్లండు అనే దేశానిదని, అక్కడి మగాళ్ళు లంగాలు కట్టుకుని ఇది ఊదుతారని, ఆ దొరల దగ్గరే మన మిలట్రీ నేర్చుకుందని చెప్పాడు. నాయనమ్మ అంతా విని, నువ్వూ కట్టేవా అని అడిగింది. బాబాయి గోనెగుడ్డ మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"కట్టేడు," అని నాయనమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న వాకిట్లో ఊదాడు. ముందు ఒక మూలుగు వచ్చింది, నిద్రపోతున్న దున్నపోతుని కాలితో తంతే వచ్చే మూలుగు. కోళ్ళు దడి దూకాయి. దూడ కట్టుతాడు తెంపుకుంది. తర్వాత ఆ మూలుగు మీదికి పాట ఎక్కింది. ఆ పాటకి ఎవరికీ కాళ్ళు ఆగలేదు, ఎడమ కుడి ఎడమ కుడి అని వాటంతటవే కొట్టుకున్నాయి. ఊరు సగం మా వాకిట్లోనే ఉంది. మధ్యలో బాబాయి నోట్లోంచి గొట్టం తీసి, మా పక్కింటి ఆవిడతో "బాగున్నారా అత్తా" అన్నాడు.

పాట ఆగలేదు.

అత్త రెండడుగులు వెనక్కి వేసింది. మనిషి మాట్లాడుతున్నాడు, పాట పాడుతూనే ఉంది. మరి ఊదేదెవరు? చంకలో తిత్తి నొక్కుతున్నానండీ, గాలి అందులోంచి వస్తుందండీ అని బాబాయి ఎంత చెప్పినా ఎవరికీ ఎక్కలేదు. తాత మాత్రం కళ్ళు మూసుకుని చివరిదాకా విని, గమకం లేదు, గెడకర్ర నిలబెట్టినట్టుంది అన్నాడు. అసలు ఊపిరి తీసుకోనివాణ్ణి నమ్మకూడదు అని కూడా అన్నాడు.

నాన్న అనుమానం డ్రమ్ము మీద. కర్ర తగిలితే గలగలమంటుంది. డోలు అలా అనదు. లోపల ఏదో పోశాడని ఆయన నమ్మకం. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఏం లేదు. తిరగేస్తే అడుగు తోలుకి ఆనుకుని సన్నటి తీగలు కనిపించాయి. తోలు దగ్గర తీగలకేం పనిరా అని చిరాకుపడ్డాడు. ఆ మధ్యాహ్నం అందరూ పడుకున్నాక సావిట్లోంచి టరటరమని చప్పుడు వస్తే వెళ్ళి చూశాను. నాన్న గొడ్ల మధ్య కూర్చుని ఆ రెండు కర్రలతో కుస్తీ పడుతున్నాడు. నన్ను చూసి, ఈగలు తోలుతున్నాను అన్నాడు.

ఆ మొదటి రోజున పాట అయిపోయాక చినతాత అరుగు మీంచి దిగి వచ్చాడు. తిత్తి చుట్టూ తిరిగి, భుజం మీది గొట్టాలు మూడూ చేత్తో తడిమి చూశాడు.

"ఇయ్యేం చేస్తాయిరా?"

"శ్రుతి చిన్నాన్నా," అన్నాడు బాబాయి సంబరంగా. "వాటంతటవే మోగుతుంటాయి. మనిషక్కర్లేదు."

చినతాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తాత తల వంచుకుని సన్నాయి తుడుచుకున్నాడు. బాబాయి మొహంలో సంబరం మెల్లగా దిగిపోయింది. తానేమన్నాడో అప్పటికి తెలిసినట్టుంది.

శ్రుతి ఊదడం అంటే చెప్పాలి. మేళంలో సన్నాయి పాట ఊదుతుంటే, వెనకాల ఒకడు కూర్చుని పొడుగాటి సన్నాయిలో ఒకే ఒక్క స్వరం ఊదుతూ ఉంటాడు. పాట ఎటు పోయినా తిరిగొచ్చి నిలబడ్డానికి అది నేల. దానికి పక్కన చిల్లులుంటాయి, అందులో మైనం కుక్కుతూ తీస్తూ పాటకి సరిపెట్టుకుంటాడు. అంతే పని. చినతాత జీవితమంతా ఒక్క స్వరం ఊదాడు. ఆయన గురించి పెళ్ళిళ్ళలో ఎవరూ బాగా ఊదేడని అనలేదు. కానీ మేళం చాప మీద ఆయనకో చోటుంది, మేళం బంతిలో ఆయనకో ఆకుంది, పెళ్ళివారు పెట్టే బట్టల్లో ఆయనకో పంచె ఉంది. శ్రుతి ఊదినంత కాలం ఆయన మా ఇంట్లో మేళగాడు. మానేసిన రోజున మా ఇంట్లో తిని కూర్చునే చుట్టం. ఆ తేడా మాకెవరికీ లేదు. ఆయనకుంది.

వారం తిరక్కుండా మలికిపురం నుంచి ఒక కొబ్బరి వ్యాపారి వచ్చాడు. ఆయన కూతురి పెళ్ళికి మేళం మాదే. కుర్చీ వేస్తే కూర్చోలేదు, మిలట్రీ తిత్తి చూపించమన్నాడు. బాబాయి ఊదాడు. ఆయనకి తెగ నచ్చింది. పందిట్లో ఇది మోగాల్సిందే అన్నాడు. వెళ్తూ వెళ్తూ తాతతో గుమ్మంలోనే అన్నాడు:

"మూడు గొట్టాలు వాటంతటవే మోగుతున్నాయి కదయ్యా. మరింక ఎనకాల ఆ ముసలాయన దేనికి? పీటల కాడ కూచుని దగ్గుతాడు."

"ఆయ్, చూద్దావండి," అన్నాడు తాత.

చినతాత అక్కడికి బారెడు దూరంలో, అరుగు మీద మైనం వేడి చేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. ఆ పూట భోజనంలో మజ్జిగ గ్లాసు వంచి చూడలేదు. నాయనమ్మ అది చూసి భయపడిపోయింది.

మర్నాడు చినతాత నన్ను సావిటి వెనక్కి పిలిచాడు. మీ బాబాయి ఆ తిత్తిని ఒక్క ఊపిరితో అంతసేపు ఎలా ఆడిస్తున్నాడో కనిపెట్టాలి, అందులో ఏదో ఉంది, నువ్వు చిన్నోడివి, నిన్నెవరూ అనుమానించరు అన్నాడు. అంత గౌరవం నాకు బడిలో ఎప్పుడూ దక్కలేదు. ఆ రోజే బడి ఎగ్గొట్టి గడ్డిమేటు చాటున కూర్చున్నాను. బాబాయి పొయ్యి మీద గిన్నెలో ఏదో గోరువెచ్చగా చేశాడు. తిత్తి మెడలోంచి గొట్టం పీకి, గిన్నెలోది లోపల పోసి, ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు పిసికాడు. గిన్నె అడుగు నాకి చూశాను. తేనె. వెంటనే పరిగెత్తి చినతాతకి చెప్పాను.

"తేనె తాగించేడు తాతా. ఒళ్ళంతా పిసికేడు. తర్వాత తల్లకిందులుగా ఏలాడగట్టేడు."

"కక్కిందా?"

"కొంచెం."

"అయితే పేణం ఉంది," అన్నాడు చినతాత.

తోలు ఎండి గాలి పోకుండా తేనె పట్టిస్తారని బాబాయి తర్వాత చెప్పాడు. ఆ నిజం చెప్పేసరికే ఆలస్యమైపోయింది. సాయంత్రానికి, మా ఇంట్లో తేనె తాగే జీవమొకటి ఉందని రాజోలు వైపు వెళ్ళే బస్సులో కూడా చెప్పుకున్నారు. నేనూ ఊరుకోలేదు. జామకాయ తెచ్చినవాడిని దాన్ని ముట్టుకోనిచ్చేవాణ్ణి, మామిడికాయ ఉప్పూకారంతో తెచ్చినవాడి చేత నొక్కించేవాణ్ణి. అది మూలిగేది. వాడు ఏడుస్తూ ఇంటికి పోయేవాడు. పురోహితుడు పంతులుగారు కూడా ఒక పూట వచ్చి, అది ఏ తోలు నాయనా అని అడిగారు. గొర్రె తోలండీ అన్నాడు బాబాయి. పంతులుగారు పంచె కుచ్చెళ్ళు దూరంగా పట్టుకుని దాన్ని వాసన చూసి, సరే అన్నారు. ఆయన మొహం మాత్రం సరే అనలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. పెళ్ళిలో వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో తుమ్ము, ఏడుపు, చెడ్డమాట, ఏదీ ఎవరి చెవినా పడకూడదు. పంతులుగారు వేలు ఎత్తగానే మేళమంతా ఒక్కసారి మీద పడి మోగాలి. అదే గట్టిమేళం. రెప్పపాటు ముందు కాకూడదు, వెనక కాకూడదు. ఈ తిత్తి అలా కాదు. గాలి నిండగానే ముందు ఆ మూడు గొట్టాలూ మూలుగుతాయి, ఆ తర్వాతే పాట. ముహూర్తం ముందు పందిట్లో మూలుగు వినపడితే మనల్ని ఇంకే గుమ్మమూ ఎక్కనివ్వరు అన్నాడు తాత.

వాకిట్లో సాధన పెట్టారు. పీటల మీద రెండు కొబ్బరికాయలు వధూవరులు. పంతులుగారు నేను. అంత అధికారం మళ్ళీ నాకు జన్మలో రాలేదు. నేను వేలు ఎత్తడమేమిటి, డోలూ సన్నాయీ విరుచుకుపడటమేమిటి. ముక్కు గోక్కోవడానికి వేలెత్తినా పెళ్ళి అయిపోయేది. ఎత్తినట్టే ఎత్తి దించేస్తే నాన్న డోలు కర్రతో నా మీదికి వచ్చేవాడు. కానీ ఎన్నిసార్లు చేసినా నా వేలికంటే ముందు ఆ మూలుగు వచ్చేసేది. తాత ప్రతిసారీ తల అడ్డంగా ఊపేవాడు. అరుగు మీంచి చినతాత దీక్షగా చూసేవాడు. మూలుగు వచ్చినప్పుడల్లా ఆయన మొహం ఒకలా వెలిగేది. ఆయన్ని మాత్రం సాధనకి ఎవరూ పిలవలేదు. వద్దని కూడా చెప్పలేదు. ఆయన తన శ్రుతి సన్నాయికి కొత్త మైనం పెట్టి, గుడ్డలో చుట్టి, దిండు కింద పెట్టుకున్నాడు.

పెళ్ళి రోజు పొద్దున్న బండి కట్టారు. డోలు ఎక్కింది, సన్నాయి ఎక్కింది, డ్రమ్ము ఎక్కింది. చినతాత మంచం మీదే కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. చొక్కా వేసుకోలేదు. తాత ఏదో సర్దుతున్నట్టు అటూ ఇటూ తిరుగుతున్నాడు తప్ప, తమ్ముడి వైపు చూడటం లేదు. అప్పుడు బాబాయి తిత్తి చంకలో పెట్టుకుని అరుగు దగ్గరికి వచ్చాడు. ఊదాడు. పాట వచ్చింది. మూలుగు రాలేదు. మూడు గొట్టాలూ మూగగా ఉన్నాయి.

"జలుబు చేసింది చిన్నాన్నా దీనికి," అన్నాడు. "మన కాలవల గాలి పడలేదు. శ్రుతి పలకట్లేదు. నువ్వు రావాలి."

చినతాత వేపపుల్ల నోట్లోంచి తీశాడు.

"నిన్న సాయంత్రం పలికిందిగా?"

"రాత్రి చేసింది."

"నేన్రానంటే?"

"శ్రుతి లేకుండా ఎలా ఊదను? పెళ్ళివారికి ఏదోటి చెప్పుకోవాలి."

"చెప్పుకో," అన్నాడు చినతాత. కాసేపు బాబాయి మొహం ఎండకి పట్టిన టిక్కెట్టులా చూశాడు. తర్వాత లేచి లోపలికి వెళ్ళాడు. బయటికి వచ్చేసరికి ఇస్త్రీ చొక్కా, కొత్త పంచె, నుదుట బొట్టు. గుడ్డలో చుట్టిన సన్నాయి చేతిలో ఉంది. ఎక్కించబోతే నా చెయ్యి విదిలించుకుని, తానే బండెక్కాడు.

మలికిపురం పందిట్లో పీటల పక్కన మేళం చాప. ముందు తాత, బాబాయి. పక్కన నాన్న. వెనకాల చినతాత. ఆయన్ని చూసి కొబ్బరి వ్యాపారి మొహం చిట్లించాడు. బాబాయి వెళ్ళి చెవిలో ఏదో చెబితే తల ఆడించి ఊరుకున్నాడు. చినతాత మైనం తీస్తూ పెడుతూ బాబాయి పైపుకి శ్రుతి కలుపుకున్నాడు. అంతకుముందు ఏ శ్రుతీ ఆ తిత్తి పక్కన ఊదలేదు, ఆయనకి చాలాసేపు పట్టింది. కలిశాక తాత వెనక్కి తిరిగి చూశాడు. ఆ రోజుల్లో తాత ఎవరినీ మెచ్చుకునేవాడు కాదు. వెనక్కి తిరగడమే ఎక్కువ.

అసలు పంతులుగారు వేలు ఎత్తారు. గట్టిమేళం పడింది. మూలుగు లేదు, వెనకడుగు లేదు. సన్నాయి, డోలు, మిలట్రీ పైపు అన్నీ ఒక్కసారి ఒక్క నేల మీద దూకాయి. మామిడి తోరణాలు ఊగాయంటే మీరు నమ్మరు, నేనూ నమ్మను, కానీ ఊగాయి. ఆ హోరు మధ్యలో చినతాతకి దగ్గొచ్చింది. పక్కన కూర్చున్నాను కాబట్టి చూశాను. శ్రుతి తీసి, కళ్ళలో నీళ్ళొచ్చేలా దగ్గి, మళ్ళీ అందుకున్నాడు. వ్యాపారికి వినపడలేదు. నాకే వినపడలేదు.

భోజనాలు అరటాకుల్లో. పనసపొట్టు కూర, దప్పళం, బూరెలో నెయ్యి గుంట. చినతాత తొందరగా తిని లేచాడు. బాబాయి ఇంకా బంతిలో ఉన్నాడు. విడిదింట్లో గోడకి చేర్చి ఉన్న తిత్తి దగ్గరికి చినతాత వెళ్ళాడు. నేను బూరె చేతిలో పట్టుకుని వెనకాలే వెళ్ళాను. ఆయన మూడు గొట్టాల్లో పొడుగాటి దాన్ని ఊడదీసి, దాని నోట్లోకి చూసి, మైనం తీసే పుల్ల మొలలోంచి తీసి లోపలికి పెట్టి లాగాడు. జీవితమంతా చిల్లులు పూడ్చినవాడికి పూడ్చిన చిల్లు కనిపించడానికి ఎంతసేపు. గుడ్డపీలిక బయటికి వచ్చింది. ముదురాకుపచ్చ గుడ్డ. మా ఇంట్లో ఆ రంగు గుడ్డ బాబాయి పాత మిలట్రీ చొక్కా ఒక్కటే.

దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. నేను ఆయన మొహం చూడలేక బూరె చూసుకున్నాను. తర్వాత పీలికని ఉండ చుట్టి, ముందున్న దానికంటే లోపలికి, గట్టిగా కుక్కాడు. గొట్టం బిగించాడు.

"చూసేవా?" అన్నాడు నాతో.

"చూసేను."

"ఏం చూసేవు?"

నేను ఆలోచించాను. "ఏం లేదు," అన్నాను.

"ఆయ్," అన్నాడు చినతాత.

ఆ తర్వాత ఆ సీజనంతా, ఆపై సీజన్లన్నీ మిలట్రీ తిత్తికి జలుబు తగ్గలేదు. బోడసకుర్రు నుంచి ముమ్మిడివరం దాకా మా మేళానికి పేరొచ్చింది. బాబాయి పైపు, వెనకాల చినతాత శ్రుతి. నాన్న ఒకోసారి ఊరేగింపులో డోలు నా చేత మోయించి, ఆ గలగలల డ్రమ్ము మెడలో వేసుకునేవాడు, ఈగలు తోలడం బాగా వచ్చేసింది ఆయనకి. ప్రతి పెళ్ళికి ముందూ, బాబాయి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, చినతాత చిటికెన వేలు గొట్టంలోకి పెట్టి చూసుకునేవాడు. గుడ్డ ఉందో, తీసేశాడో అని. ఉండేది. అయినా మరుసటి పెళ్ళికి మళ్ళీ చూసుకునేవాడు. ఆయన నమ్మకం అంతవరకే.

చినతాత ఇంక ఊదలేనన్నాక, ఆ చాప మీద ఆయన చోట్లో నన్ను కూర్చోబెట్టారు. అప్పటికి నేను బడి మానేసి, ఇంట్లో ఎవరికీ ఎందుకూ కొరగాకుండా తిరుగుతున్నాను. నీకు ఇదొక్కటే వస్తుందిరా అన్నాడు తాత. ఒక్క స్వరమే కదా, రాకపోతే ఎలా. మొదటి పెళ్ళికి బాబాయి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నేను చిటికెన వేలు గొట్టంలో పెట్టాను.

గుడ్డ ఉంది. కొత్త గుడ్డ.

చినతాతకి వచ్చినప్పుడు అది దయ. నాకు వచ్చేసరికి అది ఏమిటో ఇప్పటికీ తేలలేదు. ముహూర్తం మూలుగు రాకుండా కుక్కి ఉండొచ్చు కూడా. మరైతే జలుబని ఎందుకు చెప్పాలి, గుడ్డ కుక్కాను అనే చెప్పొచ్చుగా. ఆ చాప మీద కూర్చున్న రోజుల వల్లే నలుగురిలో నాకో విలువ వచ్చింది, పిల్లనిచ్చినవాళ్ళు కూడా మేళంలో కుర్రాడనే ఇచ్చారు. బాబాయి ఇంకా ఉన్నాడు. కళ్ళు కనపడవు, చెవులు బాగానే పనిచేస్తాయి. వెళ్ళినప్పుడల్లా ఆయన మంచం పట్టె మీద కూర్చుని అన్నీ మాట్లాడతాను, అదొక్కటీ తప్ప. అడిగితే నిజం చెప్పేస్తాడేమోనని నాకు అనుమానం.